గ్లౌజు మీద టైము

నలభై. నలభై మాత్రం ఖాయం, దాని ముందు అంకే పోయింది. తొమ్మిదా, పదా, పదకొండా, ఎక్కడికి పోతుంది చెప్పండి, ఆయన నోట్లోంచి నా చెవిలో పడింది, చెవిలోంచి చేతి మీదకి దిగింది, ఎడమ చేతి గ్లౌజు మీద, నీలం రబ్బరు మీద, నల్ల పెన్నుతో నేనే రాశాను, ఇంతింత అంకెలేసి. ఇప్పుడా గ్లౌజు పసుపు సంచిలో ఉంది. సంచి మూతి బిగించి ముడేసి ఎర్ర డ్రమ్ములో పడేశాను, డ్రమ్ము మూతకి క్లిప్పు కూడా పెట్టాను, ఇప్పుడు దాని ముందు ఫోను చెవికి ఆనించుకుని దద్దమ్మలా నిలబడ్డాను. ఫోనులో ఆస్పత్రి డాక్టరమ్మ. గొంతులో కోపం లేదు, తొందర ఉంది, దానికన్నా కోపమే నయం. మీరిచ్చిన కాయితంలో బీపీ ఉంది, షుగరుంది, పక్షవాతం ఎన్నింటికి మొదలైందో ఆ గడి ఖాళీగా ఉందమ్మా అంది. రాశానండీ అన్నాను. ఎక్కడ రాశారు అంది. గ్లౌజు మీద అనడానికి నోరు రాలేదు. అంబులెన్సు వాళ్లని అడిగితే మీరేం చెప్పలేదన్నారు అంది. చెప్పాననే అనుకున్నాను, దేవుడి తోడు. ఆవిడ ఆగకుండా చెప్పుకుపోయింది, స్కానుకి తీసుకెళ్తున్నాం, మెదడులో రక్తం కారకపోతే గడ్డ కరిగించే ఇంజెక్షను ఇవ్వచ్చు, మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, దాటాక ఇస్తే లోపల రక్తం చిమ్మి మనిషే పోవచ్చు. ఆయన్ని పొద్దుట్నుంచి ఎవరూ చూడలేదంటున్నారు, టైము తెలీకపోతే రాత్రి పడుకున్నప్పట్నుంచే లెక్కేసుకోవాలి నేను, అప్పుడు ఇవ్వను. నలభై అని గుర్తుందండీ, గంటే గుర్తు లేదు అన్నాను.  "తొమ్మిది నలభై అయితే ఇప్పటికే అయిపోయింది. పది నలభై అయితే మూడూ పది దాకా ఉంది. పదకొండయితే దాని మీద ఇంకో గంట. ఊహించి చెప్పకండి, చూసి చెప్పండి," అని పెట్టేసింది. షెడ్డు గోడ మీద గడియారం రెండూ ముప్పై ఎనిమిది.

గంట ముందు దాకా నేను తెలివైనదాన్నే. దర్జీని, స్కూలు పిల్లల యూనిఫారాలు కుడతాను, కొలతలు తీసేటప్పుడు పుస్తకం అవతల గదిలో ఉంటుంది, టేపు నోట్లో ఉంటుంది, పిల్లాడు ఒక్కచోట నిలబడడు, అంచేత ఎడమ చేతి మీద రాసుకోవడం ఇరవై ఏళ్ల అలవాటు. భుజం పధ్నాలుగు, నడుము ఇరవై రెండు. ఇక్కడ ఈ ప్రథమ చికిత్స టీములో వాలంటీరుగా చేరాక చేతి మీదకి గ్లౌజు వచ్చింది, అలవాటు మాత్రం పోలేదు. నాకొక్కదానికే కాదు, మా పన్నెండు మందికీ ఉంది. పేషెంటు పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఒక చేత్తో ఆయన గడ్డం పైకెత్తి పట్టుకుంటే కాయితం ఏ చేత్తో తీస్తాం? గ్లౌజు మీద గీకేస్తాం, తర్వాత కాయితంలోకి ఎక్కిస్తాం, ఎక్కించాకే గ్లౌజు తీస్తాం, అదీ వరస. మా రూల్స్ బాబాయి, అంటే మా టీము పెద్ద, ఎలక్ట్రీషియను, తనింట్లో స్విచ్చి వెయ్యడానికి కూడా రెండుసార్లు ఆలోచించే మనిషి, వెయ్యిసార్లు చెప్పాడు ఆ వరస. వరస తప్పింది. పెద్దాస్పత్రి ఇక్కడికి నలభై నిమిషాల దూరం, అంబులెన్సు అక్కణ్నించి రావాలి, అది వచ్చేలోపు ఫోను మోగితే మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి పరిగెత్తేది మేమే. నలభై నిమిషాలు. అదిగో, నలభై ఎక్కడ పడితే అక్కడే ఉంది, నా బుర్రలో నలభై దేనిదో నేనెలా చెప్పను? లేదు, లేదు, ఆయన అన్నాడు నలభై అని. అన్నాడు కదా. మా అక్క వ్యాను కడగడం ఆపి పైపు చేత్తో పట్టుకుని నన్నే చూస్తోంది. అక్కంటే తోడబుట్టింది కాదు, నా తోడికోడలు, మా బావగారి భార్య, పొద్దున్న స్కూలు వ్యాను నడుపుతుంది, ఫోను మోగితే ఈ వ్యాను నడుపుతుంది. ఏమైందే అంది. చెప్పాను. నీళ్లు దాని కాళ్ల మీదే పడుతున్నాయి, చూసుకోలేదు.

డ్రమ్ము పైన గోడ మీద రూల్స్ బాబాయి రాత. తలుపుకి ఎదురుగా నిలబడరాదు, పక్కన నిలబడి తట్టవలెను. కరెంటు తీసేవరకు నీళ్లలో అడుగు పెట్టరాదు. ముందు నువ్వు, తర్వాత నీ తోటివాళ్లు, ఆ తర్వాతే పేషెంటు. అన్నిటికన్నా కింద, అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో, ఎర్ర రంగులో, కట్టిన సంచి విప్పరాదు, చెయ్యి పెట్టరాదు. అది నా రూలు. నా వల్ల పుట్టింది. కొత్తగా చేరినవాళ్లు ఇదెందుకు ఇంత పెద్దగా రాశారని అడిగితే అందరూ నా వైపు చూసి నవ్వుతారు, నేనూ నవ్వుతాను, నవ్వకపోతే బాగోదు. రెండేళ్ల కిందట ఒకావిడ మెట్ల మీంచి పడితే వేలు వాచిపోతోందని ఉంగరం తీశాను, తీసింది తీసినట్టే దూదిలో చుట్టి సంచిలో పడేశాను. తర్వాత గుర్తొచ్చింది. అయ్యో వాళ్లమ్మ ఉంగరం అందే, పాపం ఎంత ఏడుస్తుందో అని ముడి విప్పి చెయ్యి పెట్టాను. చురుక్కుమంది. అంతే, చీమ కుట్టినంత. ఎవరికి వాడిన సూదో తెలీదు, ఆ వారంలో ముగ్గురికి వాడాం. అప్పట్నుంచి రక్త పరీక్షలు, ఆరు వారాలకోటి, మూడు నెలలకోటి, ఆరు నెలలకోటి. నర్సు ఏం కాదమ్మా అంటే ఏదో అయ్యేట్టుందని, ఏమీ అనకపోతే అయిపోయిందని అనుకునేదాన్ని. మా ఆయన ధైర్యం చెబుతూనే రాత్రుళ్లు లేచి కూర్చునేవాడు. నా టూత్ బ్రష్షు వేరే కిటికీలో పెట్టుకున్నాను. కూతురికి అప్పుడు ఐదేళ్లు. దాని గోళ్లు తియ్యడం మానేశాను, ఎక్కడ కోసుకుంటుందో, నా వేలికి ఎక్కడ గీత ఉందో అని. డాక్టరు అలా అంటుకోదు తల్లీ అని చెప్పినా నా చేతులు నా మాట వినలేదు. ఒకరోజు గోళ్లన్నీ మట్టితో నల్లగా ముందుకి చాపి, అమ్మా, నా మీద అలిగావా అంది. ఆ ఆరు నెలలూ నేను ఏడ్చింది ఆ ఒక్కరోజే. ఏమీ రాలేదు చివరికి, శుభ్రంగా ఉన్నాను, కానీ మా ఆయన దగ్గర ప్రమాణం చేశాను, ఇంక జన్మలో సంచిలో చెయ్యి పెట్టనని. రెండూ నలభై. గడియారంలో కూడా నలభై, నా కర్మ.

గుర్తు తెచ్చుకో. సంచితో పని లేకుండా గుర్తు తెచ్చుకో, ఇందాకటి సంగతేగా, నిన్నటిదా మొన్నటిదా. ఒంటిగంటా అయిదుకి ఫోను మోగింది. మేడ మీద ముసలాయన, దబ్బుమని చప్పుడైందని కింద వాటా ఆవిడ చేసింది. పేరు చెప్పలేదు, మీటరు తాత అంది, ముప్పై ఏళ్లు ఇంటింటికీ తిరిగి నీళ్ల మీటర్లు చూసి రాసుకున్నాడట, ఒక్కడే ఉంటాడట. ఇరుకు మెట్లు, మలుపులో సైకిలు. అక్క కుర్చీ స్ట్రెచరు కోసం మళ్లీ కిందకి దిగింది, నేనొక్కదాన్నే లోపలికెళ్లాను. పక్కన నిలబడే తట్టాను, తలుపు తీసే ఉంది. మంచానికీ గోడకీ మధ్య పడి ఉన్నాడు. ఒక బుగ్గ నున్నగా ఉంది, రెండో బుగ్గ మీద సబ్బు నురగ ఎండి పొరలు పొరలుగా లేచింది. నోరు ఒక పక్కకి పోయింది, కానీ మాటుంది, ముద్దముద్దగా అయినా ఉంది. తాతా, ఎప్పుడు మొదలైంది అన్నాను. గడ్డం గీసుకుంటుంటే కత్తి జారిపోయిందమ్మా, చెయ్యి తిమ్మిరెక్కిందనుకుని పడుకున్నాను అన్నాడు. ఎన్నింటికి తాతా. గోడ మీద గడియారం వైపు కళ్లు తిప్పాడు, అప్పుడు చూశానన్నాడు, చెప్పాడు. మీటరు చదివినట్టు చెప్పాడు, గంట వేరే, నిమిషాలు వేరే. ఒకసారి కాదు, రెండుసార్లు. రాసుకోమ్మా అన్నాడు. రాసుకున్నా తాతా అన్నాను. గ్లౌజు ఆయన కళ్ల ముందు పెట్టి చూపించాను కూడా, అవునన్నట్టు రెప్ప వేశాడు. ఆ పెదవులు కనిపిస్తున్నాయి నాకు, ఎండిన సబ్బు కనిపిస్తోంది, కిటికీలో ఆరేసిన బనీను కనిపిస్తోంది, అంకె ఒక్కటీ వినబడదు. సినిమాలో శబ్దం పోయినట్టుంది. తర్వాత షుగరు చూశాను, వేలి మీద పొడిచి చుక్క తీశాను, అప్పుడే ఆయన తల నా భుజం మీదకి ఒరిగింది, అమ్మా అనబోయి మ్మ్ మ్మ్ అన్నాడు, ఇంక మాట లేదు. తాతా, తాతా అంటూ పట్టుకున్నాను. చేతిలో సూది ఉంది. సూదుల డబ్బా అవతల తలుపు దగ్గర మందుల సంచిలో ఉంది. సూది. సూది ఎక్కడ పెట్టాను?  అక్కా, సూదుల డబ్బా తీసి చూడు అన్నాను. తీసి ఊపింది, చప్పుడు లేదు, పొద్దున్నే మార్చిన డబ్బా, లోపల ఏమీ లేదు.

అయితే ఎక్కడుందో నాకు తెలుసు. అంబులెన్సు వచ్చేసిందన్న తొందరలో పిడికిట్లో ఉంచుకుని గ్లౌజు దాని మీంచే వలిచేశాను. అది కూడా మా అందరికీ ఉన్న జబ్బే, డబ్బా చేతికందనప్పుడు సూదిని గుప్పిట్లో పట్టుకుని గ్లౌజు తిరగేసి లాగేస్తాం, మూట కట్టినట్టవుతుంది, తర్వాత డబ్బాలో వేద్దాంలే అనుకుంటాం. మొదట ఎడమది తీసి కుడి గుప్పిట్లో ఉండలా పట్టుకుని, కుడిదాన్ని దాని మీంచే తిరగేశాను. అంటే రాసిన గ్లౌజు లోపల, సూదీ లోపల, రెండూ ఒకే ఉండలో. కొత్తరకం సూదులైతే పొడవగానే మొన లోపలికి పోతుంది, అవి అయిపోయి పాత డబ్బాలోవి వాడుతున్నాం పది రోజుల్నుంచి. ఇంత తెలివి ఎవరికుంటుంది, టైమునీ సూదినీ కలిపి పొట్లం కట్టే తెలివి. నన్ను నేనే రెండు పీకుదామనిపించింది. పదకొండు నలభై అనేస్తే? అనిపించింది, మీ దగ్గర దాచడమెందుకు. ఒక్క మాట, అవతల ఇంజెక్షను ఎక్కిస్తారు, ఇక్కడ నా చేతికి ఏమీ కాదు, కాయితంలో గడి నిండిపోతుంది, వరస తప్పిన సంగతి ఎవరికీ తెలీదు. పడుకుని లేచి, మళ్లీ పడుకుని, ఎంతసేపుంటాడు మనిషి ఒక్కడూ, రెండు గంటల లోపే అయి ఉంటుందిలే అని లెక్కలు కూడా వేసుకున్నాను. తొమ్మిది అయ్యుంటే? నా మాట నమ్మి ఆవిడ మందెక్కిస్తే? ఆ సగం గీసిన మొహం లోపల రక్తం చిమ్మితే? చంపింది నేనే అవుతాను. సూది అక్కర్లేకుండానే చంపుతాను.

"అక్కా, విప్పుతాను," అన్నాను. గోడ మీద ఎర్రక్షరాల వైపు చూసింది, నా వైపు చూసింది.  పైపు కట్టేసి, నేల మీద తెల్ల ప్లాస్టిక్ షీటు పరిచి, పొడుగు పట్టకార్లు రెండూ, స్టీలు ట్రే తెచ్చి, బాబాయి వెల్డింగు తోలు గ్లౌజులు నా ముందు పడేసింది. "చెయ్యి సంచిలోకి పోయిందంటే ఆ చెయ్యి నేనే విరిచేస్తా," అంది. డ్రమ్ము మూత తీశాను. లోపల రెండు సంచులు పక్కపక్కనే దొర్లి ఉన్నాయి. ఒకేలా ఉన్నాయి, ఒకేలా కట్టాను, దర్జీ ముడి కదా, నా చేత్తో వేసింది ఊడదు. పొద్దున్న వడ్రంగికి రంపం తగిలితే వెళ్లాం, దానిదొకటి, తాతదొకటి. ఏది ఏదో తెలీదు. కాస్త పైకి ఉన్నది తాతదే అనుకున్నాను, తర్వాత వేసింది పైనే కదా ఉండాలి. మూతి దగ్గర కత్తెరతో కోశాను, అక్క పట్టకారుతో అడుగు పట్టి షీటు మీదకి గుమ్మరించింది. తడి వాసన, ఇనుము వాసన. దూది, పట్టీ ముక్కలు, గ్లౌజులు. పట్టకారుతో ఒక్కొక్కటీ పక్కకి తోశాను. తోలు గ్లౌజులు వేసుకుని పని చెయ్యడం అంటే దుప్పట్లో చేతులు పెట్టి దారం ఎక్కించినట్టుంది. రెండూ నలభై అయిదు. ఒక నీలం గ్లౌజు సగం తిరగబడి ఉంది, మణికట్టు దగ్గర నల్లగా ఏదో కనిపించింది. పట్టకారు కొసతో సాగదీశాను. నా రాతే. 9-40. అక్కడే చతికిలబడ్డాను. అయిపోయింది. రెండూ పదికే అయిపోయింది, అంబులెన్సు దార్లో ఉండగానే అయిపోయింది, తాతా, ఇంత ముందు ఎందుకు పిలవలేదయ్యా ఎవర్నీ, అరవలేకపోయావా, కింద మనుషులున్నారు కదా.

"లేవవే, ఏడుపు తర్వాత," అంది అక్క. "దీనినిండా రక్తం చూడు. తాతకి రక్తమెక్కడిది?" అవును. తాతకి వేలి చుక్క తప్ప రక్తం లేదు. అక్క కాపీ పుస్తకం లాక్కొచ్చి వేలు తడుపుకుని పేజీ తిప్పింది, వడ్రంగి కాయితం కింద కార్బన్ కాపీ, చేతికి పట్టీ బిగించిన టైము తొమ్మిదీ నలభై, నా రాతే, ఆ గడి బుద్ధిగా నింపాను. అమ్మయ్య అనుకోబోయి ఆగిపోయాను. నలభై వడ్రంగిది. నా బుర్రలో ఇందాకట్నుంచి మోగుతున్న నలభై వడ్రంగిది కావచ్చు. ఖాయం ఖాయం అని డాక్టరమ్మకి చెప్పింది పొద్దుటి మనిషి చేతి గురించేమో, తాత గురించి కాదేమో. అంటే నా దగ్గర గంటా లేదు, నిమిషాలూ లేవు, ఏమీ లేదు. గట్టిగా ప్రమాణం చేసి చెప్పమన్నా చెప్పేదాన్ని నలభై అని. నా మీద నాకు ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. రెండో సంచి తోలు గ్లౌజుల్లో జారిపోతోంది, కత్తెర ముడి మీద నిలవడం లేదు, రెండూ నలభై ఎనిమిది, ఛీ అని తోలు గ్లౌజు ఒకటి విసిరికొట్టి ఉత్త చేత్తో మూతి పట్టుకోబోయాను. అక్క చేతి మీద ఒక్కటిచ్చింది. చిన్నప్పుడు మా అమ్మ కొట్టినట్టు, చప్పుడు షెడ్డంతా వినబడింది.  విసిరిన గ్లౌజు తీసి నా చేతికి తొడిగి, వేలు వేలు సరిచేసి, తాను పట్టకారుతో ముడి పట్టుకుంది. కొయ్యి అంది. కోశాను.

ఇందులో ఎక్కువేం లేదు. షుగరు చీటీ, దూది, ఖాళీ కవర్లు, ఒక నీలం ఉండ. నిమ్మకాయంత. అదే. అక్క రెండు పట్టకార్లతో రెండు పక్కలా పట్టుకుంది, మోచేతులు రెండూ మోకాళ్లకి ఆనించి బిగబట్టుకుంది, స్కూలు పిల్లలు ముప్పై మంది వెనక అరుస్తుంటే ఒంటిచేత్తో స్టీరింగు తిప్పే మనిషి. అటు తిప్పు, అటు కాదు, నీ వైపు తిప్పకు, సూది ఎటుందో తెలీదు అన్నాను. మెత్తగా, కుట్టు విప్పినట్టు, పై పొర మాత్రం కోస్తూ వెళ్లాను. ఇరవై ఏళ్లు కోసిన గుడ్డంతా ఇందుకే కోశానేమో అనిపించింది. పై గ్లౌజు విచ్చుకుంది. లోపల రెండోది ముడుచుకుని ఉంది, ఒక చోట రబ్బరు పొడుచుకుని ఉంది, చిన్న మొటిమంత, కొసన తళుక్కుమంది. అక్కడుంది. తోలు గ్లౌజుకి రెండంగుళాల దూరంలో ఉంది. ఉత్త చేత్తో పట్టుకుని ఉంటే, అని ఆలోచించడం మానేశాను. దానికి ఇవతలగా కోసి ఊపమన్నాను, అక్క ఊపింది, సూది ట్రేలో పడి టింగుమంది. అక్క డబ్బా జరిపి పట్టకారుతో దాన్ని లోపల వేసి మూత నొక్కింది. తర్వాత గ్లౌజుని తిరగేశాం, ఇద్దరం, నాలుగు పట్టకారు కొసలతో, తడిసిన కాయితం మడత విప్పుతున్నట్టు. చెమటకి సిరా కొంచెం పాకింది. 10-35. ఒకటి, సున్నా, మూడు, అయిదు. అక్కా, నువ్వు చదువు అన్నాను. పదీ ముప్పై అయిదు అంది. మళ్లీ చదువు. పదీ ముప్పై అయిదే, కళ్లు నీకు లేవా. అప్పుడు వినబడింది నాకు, పెదవుల మీద శబ్దం తిరిగొచ్చింది, పది, ముప్పై అయిదు, రాసుకోమ్మా.

పదీ ముప్పై అయిదంటే మూడూ అయిదు దాకా. రెండూ యాభై మూడు. నేను నలభై అనుకున్నాను, ఆ నలభై పట్టుకుని డాక్టరమ్మ మూడూ తొమ్మిదికో ఎనిమిదికో సూది తీసి ఉంటే? తోలు గ్లౌజులు ఊడ్చి పడేసి చేతులు కడుక్కోకుండానే ఫోను తియ్యబోయాను, అక్క సబ్బు నా చేతిలో పెట్టింది, ఇరవై అంకెలు లెక్కపెట్టేంత సేపు కడిగించింది, నేను దాన్ని తిట్టాను, అది నన్ను తిట్టింది. మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. రెండోసారి ఎత్తింది. పదీ ముప్పై అయిదండీ అన్నాను. ఇందాక నలభై అన్నారు అంది. తప్పండీ, అది వేరే పేషెంటుది, ఇది చూసి చెబుతున్నాను, నా ముందు ఉంది. "ఖచ్చితంగా చూశారా?" "ఇద్దరం చూశామండీ." అవతల ఆవిడ ఫోను దించకుండానే ఎవర్నో గట్టిగా పిలిచింది, చక్రాల చప్పుడు, ఎవరిదో పరుగు, పది నిమిషాలే ఉంది అని ఆవిడ అరుపు, అంతటితో కట్టయిపోయింది. ఇంక చేసేదేం లేదు. షీటు మడిచి కొత్త సంచిలో వేశాం, అక్క వేసింది ముడి, నన్ను ముట్టుకోనివ్వలేదు. నా చేతులు రెండూ వెలుతురులో పెట్టి వేలు వేలు వెతికింది, గోళ్ల కింద కూడా. ఏం లేదే, గీత కూడా లేదు అని తనే ముందు ఏడ్చింది. బాబాయికి ఏం చెబుతాం అన్నాను. జరిగింది చెబుదాం, గోడ మీద ఇంకో రూలు రాసుకుంటాడు, గోడ చాలకపోతే ఇంకో గోడ కడతాడు అంది. నవ్వొచ్చింది, నవ్వుతుంటే పళ్లు టకటకలాడాయి. మూడయింది. మూడూ అయిదయింది. గడియారం కేసి చూడకూడదని వ్యాను లోపలికెళ్లి కూర్చున్నాను, అక్కడా గడియారం ఉంది. మూడూ పది. ఇచ్చారా, స్కానులో ఏమైనా కనబడిందా, లిఫ్టు దగ్గర ఆగిపోయారా. నేను కాయితంలో ఆ గడి నింపి ఉంటే అంబులెన్సు కదలగానే వాళ్లకి తెలిసేది, ఆస్పత్రి గుమ్మం దగ్గరే మందు పట్టుకుని నిలబడేవాళ్లు, ఈ అరగంట నేను తిన్నాను, ఆయన నోటి ముందు కూడు లాక్కున్నట్టు తిన్నాను. అక్కకి ఆ మాట చెబితే ఊరుకోమంది గానీ కాదనలేదు.

మూడూ ఇరవై రెండుకి ఫోను మోగింది. డాక్టరమ్మ కాదు, నర్సు, నింపాదైన గొంతు. ఇచ్చామమ్మా, మూడూ మూడుకి ఇచ్చాం అంది. స్పీకరు పెట్టాను, అక్క వ్యాను తలుపు పట్టుకుని వింటోంది. ఎలా ఉన్నారు అని అడిగాను. ఇప్పుడే ఏం చెప్పలేం, చెయ్యి కదలట్లేదు, మాట రాలేదు, రాత్రి గడిస్తే తెలుస్తుంది అంది. ఏడవకుండా సరే అన్నాను. "ఇంకోటి, ఫారంలో రాయాలి, టైము చెప్పింది ఎవరని. మీ పేరు రాసుకోమంటారా?"

"నాది వద్దు. ఆయనే చెప్పారు."

"ఎవరు, పేషెంటా? ఆయనకి మాట లేదు కదమ్మా."

"అప్పటికి ఉంది," అన్నాను. "రెండుసార్లు చెప్పారు. ఆయనే చెప్పారని రాయండి."